ఒకే ఇంట్లో నెల తిరక్కుండా ముగ్గురు పిల్లలు పోయారు: ఏ జబ్బు అయ్యుంటుంది?

పాతకాగితాలు:
అందరికీ నమస్కారం. మా ముత్తాతగారిది వ్యవసాయం. ఇల్లు ఊళ్ళో కాదు, పొలంలోనే ఉండేది. దగ్గరలో ఇంకో ఇల్లు కూడా లేదు. ఆయన జమాఖర్చుల పుస్తకం ఈమధ్య మా చేతికొచ్చింది. నూరేళ్ళ పైనాటిది. ధాన్యం లెక్కలు, అప్పుల లెక్కలు అయ్యాక చివరి పేజీల్లో పిల్లల పుట్టుకలు, చావులు రాసుకున్నారు. అందులో ఒక పేజీ చదివినప్పటి నుంచి మనసు మనసులో లేదు.

ఐదుగురు పిల్లలు. ఆరేళ్ళవాడు ముందు పోయాడు. వాడి పేరు పక్కన "గొంతు మూసుకుపోయి" అని ఉంది. ఐదు రోజులకి తొమ్మిదేళ్ళ పిల్ల, అదే మాట. ఆ తర్వాత మూడేళ్ళ పిల్ల. ఆ పిల్ల గురించి మాత్రం రెండు వరుసలు రాశారు: "జ్వరం తగ్గింది. లేచి కూర్చుంది. మంచినీళ్ళు అడిగి తాగి, ఒరిగిపోయింది." ఇది రెండో పిల్ల పోయిన పంతొమ్మిది రోజులకి. పద్నాలుగేళ్ళ పెద్దమ్మాయికీ, నాలుగు నెలల పసిబిడ్డకీ ఏమీ కాలేదు. ఆ పసిబిడ్డే మా తాతగారు.

ఇది ఏ జబ్బు? ఎవరూ రాని, పోని చోట బతికే కుటుంబానికి ఎలా వచ్చింది? పసివాడు ఎలా మిగిలాడు? తెలిసినవాళ్ళు చెప్పండి.

పిల్లలవార్డు:
పాతకాగితాలు గారూ, నేను పిల్లల డాక్టర్ని. నూరేళ్ళ కిందటి కాగితం చూసి ఖాయంగా చెప్పకూడదు గానీ, మీరు రాసిన నాలుగు ముక్కలూ ఒకేవైపు చూపిస్తున్నాయి. డిఫ్తీరియా. మన పెద్దలు కంఠసర్పి అనేవారు.

ఇందులో గొంతు లోపల బూడిదరంగు పొర ఒకటి కడుతుంది. తోలులా మందంగా ఉంటుంది, గీకబోతే నెత్తురు వస్తుంది. అది కిందికి శ్వాసనాళం దాకా పాకితే పిల్లవాడికి ఊపిరి ఆడదు. మెడ ఉబ్బిపోతుంది. మీ ముత్తాతగారు రాసిన మాట దీనికి సరిగ్గా సరిపోతుంది. ఒకరి నుంచి ఒకరికి అంటాక రెండు నుంచి ఐదు రోజుల్లో సాధారణంగా లక్షణాలు బయటపడతాయి, కాబట్టి మొదటి ఇద్దరి మధ్య ఉన్న ఎడం కూడా కుదురుతోంది.

మూడేళ్ళ పిల్ల సంగతి చదివాకే నాకు అనుమానం బలపడింది. ఈ క్రిమి గొంతులోనే ఉండిపోతుంది గానీ అది తయారుచేసే విషం నెత్తుట్లో కలిసి గుండె కండరాన్ని, నరాలను దెబ్బతీస్తుంది. గొంతు బాగుపడి, జ్వరం దిగి, పిల్ల కోలుకుందని ఇల్లంతా ఊపిరి పీల్చుకున్నాక, రెండు మూడు వారాలకి గుండె ఉన్నట్టుండి ఆగిపోతుంది. కొన్నిసార్లు కేవలం లేచి కూర్చున్నందుకే. అందుకే ఈ జబ్బు నుంచి తేరుకుంటున్న పిల్లల్ని వారాల తరబడి మంచం దిగనివ్వకూడదని పాతకాలపు వైద్యులు గట్టిగా చెప్పేవారు. ఆ తల్లిదండ్రులకి అది చెప్పడానికి ఎవరూ లేరు. చెప్పినా మూడేళ్ళ పిల్లని కదలకుండా ఎవరు ఆపగలరు?

నాలుగు నెలల బిడ్డ మిగలడానికి చాలావరకు తల్లే కారణమై ఉంటుంది. ఆవిడకి చిన్నప్పుడు ఈ జబ్బు తెలిసో తెలియకో వచ్చి పోయి ఉంటే, ఆ రక్షణ కడుపులో ఉండగానే బిడ్డకి అందుతుంది. మొదటి కొన్ని నెలలు అది కాపాడుతుంది. పెద్దమ్మాయికి కూడా ఎప్పుడో తేలిగ్గా వచ్చి పోయి ఉండొచ్చు.

నదిఒడ్డు:
ఎర్రజ్వరం, అంటే స్కార్లెట్ ఫీవర్ అయ్యుండదా డాక్టరుగారూ? అందులోనూ గొంతు వాస్తుంది కదా.

పిల్లలవార్డు:
ఉండొచ్చు, పాతకాలంలో ఆ రెంటినీ ఒకటనుకునేవారు కూడా. కానీ ఎర్రజ్వరంలో ఒళ్ళంతా గరుకుగా ఎర్రటి దద్దు వస్తుంది. మంచినీళ్ళు అడిగిన సంగతి కూడా రాసుకున్న తండ్రి, ఒంటిమీద దద్దు వస్తే రాయకుండా ఉంటాడా? తట్టు, మశూచి కూడా ఇదే కారణంతో పక్కన పెట్టాను.

చరిత్రపిచ్చి:
డాక్టరుగారు చెప్పినది చదువుతుంటే 1735 గుర్తొచ్చింది. అమెరికా అప్పటికి బ్రిటిష్ వలస. న్యూ హాంప్‌షైర్‌లో కింగ్‌స్టన్ అనే చిన్న ఊళ్ళో ఆ ఏడాది గొంతు జబ్బు మొదలైంది. అడవి కొట్టి పొలాలు చేసుకున్న రైతు కుటుంబాలు అవన్నీ. ఏడాది చిల్లరలో ఆ ఒక్క వలసలోనే దాదాపు వెయ్యి మంది పోయారు, చాలామంది పదేళ్ళలోపు పిల్లలే. పక్క వలసలకి కూడా పాకి 1740 దాకా సాగింది. ఉన్న పిల్లలందరినీ పోగొట్టుకుని ఖాళీ ఇంట్లో మిగిలిపోయిన దంపతులు ఒకళ్ళూ ఇద్దరూ కాదు. ఇప్పటి పరిశోధకులు అది ఎక్కువగా డిఫ్తీరియా అనీ, కొన్నిచోట్ల ఎర్రజ్వరం కూడా కలిసి ఉందనీ అంటారు.

ఊరికి దూరంగా ఉంటే జబ్బు రాదన్న నమ్మకం అప్పుడూ ఉండేది. గాలి మంచిది, నీళ్ళు మంచివి, జనం తక్కువ. మామూలు రోజుల్లో అది నిజమే. నగరాల్లో పిల్లల చావులు పల్లెల కంటే ఎక్కువగానే ఉండేవి. కానీ జబ్బు ఒకసారి పొలంలోని ఇంటి గడప తొక్కితే మాత్రం...

లెక్కలమాస్టారు:
చరిత్రపిచ్చి గారు ఆపేసిన చోటు నుంచి నేను అందుకుంటాను. దీని వెనుక ఒక లెక్క ఉంది.

తట్టునే తీసుకుందాం. అది ఒక జనాభాలో తెగకుండా సాగాలంటే కొత్తగా పుట్టే పిల్లలు దానికి ఎప్పుడూ దొరుకుతుండాలి. దానికి సుమారు రెండున్నర లక్షల నుంచి ఐదు లక్షల జనాభా ఉన్న ఊరు కావాలని బార్ట్‌లెట్ అనే గణాంకవేత్త 1950లలో తేల్చాడు. అంటే టీకాలు లేని రోజుల్లో, పెద్ద నగరంలో తట్టు ఎప్పుడూ ఉంటుంది. ప్రతి పిల్లాడికీ చిన్నప్పుడే ఒకసారి వస్తుంది, ఇంట్లో ఏ ఏడాదికా ఏడాది ఒకరికో ఇద్దరికో వస్తుంది. పల్లెలో అలా కాదు. పదేళ్ళపాటు రాదు. ఆ పదేళ్ళలో పుట్టినవాళ్ళందరూ ఏ రక్షణా లేకుండా పెరుగుతుంటారు. తర్వాత సంతకి వెళ్ళినవాడో, కూలికి వచ్చినవాడో, చుట్టమో తీసుకొస్తే ఏడాది పిల్ల నుంచి పన్నెండేళ్ళవాడి దాకా అందరూ ఒకేసారి పడిపోతారు. దూరంగా ఉండటం వల్ల జబ్బు అరుదుగా వస్తుంది, వచ్చినప్పుడు ఇంటిల్లిపాదినీ పడేస్తుంది.

దీనికి ఉత్తర అట్లాంటిక్ సముద్రంలో డెన్మార్క్ కింద ఉన్న ఫారో దీవుల కంటే గొప్ప ఉదాహరణ లేదు. 1781 తర్వాత అరవై అయిదేళ్ళు అక్కడ తట్టు లేదు. 1846లో కోపెన్‌హాగన్ నుంచి ఓడలో వచ్చిన ఒక వడ్రంగి ద్వారా వచ్చింది. జనాభా 7,800 లోపు. అందులో 6,000 మందికి పైగా పడ్డారు. డెన్మార్క్ ప్రభుత్వం పీటర్ పానుమ్ అనే పాతికేళ్ళ వైద్యుణ్ణి పంపింది. అతను పడవల మీద, కాలినడకన పల్లె పల్లెకీ తిరిగి, ఏ ఇంటికి ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎన్నాళ్ళకి దద్దు కనిపించింది అని తారీఖులతో సహా రాసుకున్నాడు. తట్టు అంటిన పదమూడు పద్నాలుగు రోజులకి దద్దు వస్తుందని ఆ లెక్కలోంచే తేలింది. ఇంకొకటి కూడా తేలింది: 1781లో చిన్నపిల్లలుగా తట్టు పోసుకున్న ముసలివాళ్ళెవరికీ ఈసారి రాలేదు.

క్రిమి అంటే ఏమిటో ఎవరికీ తెలియని రోజుల్లో కేవలం తారీఖులు, వయసులతో అంత తెలుసుకున్నాడు. పాతకాగితాలు గారి ముత్తాత పుస్తకంలో ఉన్నదీ అదే. అందుకే ఆ పేజీని అంత తేలిగ్గా చూడొద్దని మనవి.

పిల్లలవార్డు:
మాస్టారూ, చాలా బాగా చెప్పారు. దీనికి ఇంకో మాట కలపాలి. ఇంట్లో మొదట జబ్బు పడిన పిల్ల కంటే, ఆ పిల్ల దగ్గర అంటించుకున్న తోబుట్టువులకి తీవ్రంగా వస్తుంది. పీటర్ ఆబీ అనే పరిశోధకుడు ఆఫ్రికాలోని గినీ బిస్సావు దేశంలో 1979 నాటి తట్టు మీద పనిచేసి దీన్ని చూపించాడు. బయట ఎక్కడో కాసేపు దగ్గర్లో ఉండి అంటించుకోవడం వేరు, ఒకే మంచం మీద రాత్రంతా పక్కన పడుకుని అంటించుకోవడం వేరు. పాత రైతు ఇళ్ళు గుర్తు తెచ్చుకోండి. ఎంత పొలం ఉన్నా పిల్లలందరూ పడుకునేది ఒక్క గదిలోనే.

దానికి తోడు తట్టు పోసిన పిల్లలకి, అంతకుముందు శరీరం నేర్చుకున్న రక్షణ కూడా కొంతవరకు చెరిగిపోతుందని 2015లో, మళ్ళీ 2019లో వచ్చిన పరిశోధనలు చెప్తున్నాయి. తట్టు తగ్గిన కొన్ని నెలలకి నిమోనియాతోనో విరేచనాలతోనో పోయిన పిల్లలు ఎంతమందో. పాత లెక్కల్లో వాళ్ళు తట్టు కింద కనిపించరు.

ఒంటెద్దుబండి:
నేను వ్యవసాయం చేసేవాణ్ణి. మీరంతా చెప్పినవి బాగున్నాయి, కానీ ఒక మాట. ఆ రోజుల్లో ఎనిమిది మంది, పదిమంది పుట్టేవాళ్ళు. నలుగురు పోవడం ప్రతి ఇంట్లో ఉన్నదే. గుండె రాయి చేసుకుని మర్నాడు పొలానికి వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు ఒక్క బిడ్డకి జ్వరమొస్తే మనం పడే టెన్షన్ వాళ్ళకి ఉండేది కాదేమో. అలవాటైపోయి ఉంటుంది.

వెన్నెలవాకిలి:
ఒంటెద్దుబండి అన్నా, ఈ మాటతో నేను ఒప్పుకోలేను.

సగం మంది పిల్లలు పెద్దవాళ్ళు కాకుండానే పోయేవారన్నది నిజం. పాతకాలపు లెక్కలు దొరికిన చాలా సమాజాల్లో నాలుగో వంతు పిల్లలు మొదటి ఏడాది దాటేవారు కాదు, పదిహేనేళ్ళు నిండేలోపు దాదాపు సగం మంది. కానీ ఎక్కువమందికి జరిగింది కాబట్టి ఒక్కొక్కరికీ తక్కువగా బాధేసిందని అనుకోవడానికి ఆధారం ఏముంది? చరిత్రకారులు కూడా కొందరు ఒకప్పుడు మీలాగే అన్నారు. 1983లో లిండా పొల్లాక్ అనే చరిత్రకారిణి వందలాది పాత డైరీలు, ఆత్మకథలు చదివి, పదహారో శతాబ్దం నుంచీ తల్లిదండ్రులు పిల్లల జబ్బుకి ఎంత భయపడ్డారో, పోయాక ఎంత కుమిలిపోయారో చూపించింది. డైరీ రాయడం రాని రైతు తల్లులకి వేరే గుండె ఉంటుందా?

మా నాయనమ్మని ఎవరైనా ఎంతమంది పిల్లలని అడిగితే తొమ్మిది మంది అని చెప్పేది. మేం చూసింది ఐదుగురినే. మిగతా నలుగురినీ ఎనభై ఏళ్ళ వయసులో కూడా వరసన, పేర్లతో, ఎవరు ఎవరి తర్వాతో తడుముకోకుండా చెప్పేది. ఒకమ్మాయికి ఎడమ చెవి దగ్గర పుట్టుమచ్చ ఉండేదని చెప్పేది. ఆ పిల్ల బతికింది పదకొండు నెలలు.

పాతకాగితాలు గారి ముత్తాత ధాన్యం లెక్కలు రాసుకునే పుస్తకంలో "మంచినీళ్ళు అడిగి తాగి" అని రాశారు. దేనికి రాశారు? ఎవరికి చూపించడానికి?

ఒంటెద్దుబండి:
చెల్లీ, నువ్వు చెప్పింది విన్నాను. పనిలో పడటం గురించి నాకు తెలిసింది చెప్తాను. బిడ్డ పోయిన రోజు కూడా ఆవు పొదుగు నిండుతుంది. పితకకపోతే పొదుగు వాచి పశువు జబ్బు పడుతుంది. కోతకొచ్చిన చేను రాలిపోతుంది. ఇంట్లో మిగిలిన పిల్లలకి ఆ ఏడాది తిండి అదే. బాధ తక్కువై వెళ్ళరు, వెళ్ళక తప్పక వెళ్తారు. ఇక ఇంటిల్లిపాదీ జబ్బు పడితే ఆ పని చేసేవాళ్ళే ఉండరు. నీళ్ళు తెచ్చేవాళ్ళు, పొయ్యి వెలిగించేవాళ్ళు కూడా ఉండరు. అంటుకుంటుందని పొరుగువాళ్ళు గేటు దాటి రారు. వాళ్ళనీ తప్పు పట్టలేం, వాళ్ళింట్లోనూ పిల్లలుంటారు. అలాంటప్పుడు జబ్బుకి కాక దాహానికి, ఆకలికి పోయినవాళ్ళు కూడా ఉంటారని నా నమ్మకం.

ఆ పద్నాలుగేళ్ళ పెద్దమ్మాయి గురించే ఆలోచిస్తున్నాను. తల్లి పసిబిడ్డతో ఉంటే మిగతా ముగ్గురికీ సేవ చేసింది ఆ పిల్లే అయ్యుంటుంది.

పాతకాగితాలు:
అన్నా, అది నిజమే. మా తాతగారు తన అక్కని చివరిదాకా అమ్మా అనే పిలిచేవారట. ఎందుకో ఇప్పుడర్థమవుతోంది.

గడ్డివాము:
ఇంకో దారి కూడా ఉంది, ఎవరూ చెప్పలేదు. పాలు, నీళ్ళు. నేను పాల డెయిరీ రంగంలో పనిచేస్తాను కాబట్టి చెప్తున్నాను. కాచని పాల ద్వారా టైఫాయిడ్, ఎర్రజ్వరం, డిఫ్తీరియా పాకిన సందర్భాలు పాత వైద్య నివేదికల్లో చాలా ఉన్నాయి. పాలు పితికేవాడికి జబ్బు ఉంటే చాలు. పశువుల క్షయ కూడా పాల ద్వారానే పిల్లలకి వచ్చేది, మెడలో గడ్డలు కట్టేవి, పొట్టలో పాకేది. దానివల్ల మనుషులకి ప్రమాదం పెద్దగా లేదని 1901లో, క్షయ క్రిమిని కనుక్కున్న అంత గొప్ప రాబర్ట్ కోచ్ కూడా అన్నాడు. బ్రిటన్ వేసిన రాయల్ కమిషన్ పదేళ్ళు పనిచేసి 1911లో ప్రమాదం నిజమేనని తేల్చింది. ఈలోగా ఎంతమంది పిల్లలో. ఇంట్లో ఆవు ఉంది, పిల్లలకి పాలకి లోటు లేదు అని నిశ్చింతగా ఉన్న తల్లిదండ్రులు వాళ్ళు.

టైఫాయిడ్ సంగతికొస్తే, విలియం బడ్ అనే పల్లె వైద్యుడు 1839లో ఇంగ్లండ్‌లోని తన సొంత ఊరు నార్త్ టాటన్‌లో వచ్చిన జ్వరాన్ని ఇంటింటికీ వెంబడించాడు. ఆ ఊళ్ళో పనికొచ్చిన, కలప కోసే కూలీ ఒకడు జబ్బుపడి తన ఊరు వెళ్ళాడు. అతన్ని చూడవచ్చిన స్నేహితుడు, మంచంలో పైకి లేపడానికి సాయం పట్టాడు. పది రోజుల్లో ఆ స్నేహితుడు పడ్డాడు, తర్వాత అతని పిల్లలిద్దరు. చేసిన తప్పల్లా ఒక మనిషికి చెయ్యి అందివ్వడం.

చరిత్రపిచ్చి:
రైతు తల్లిదండ్రులు చేతులు ముడుచుకుని కూర్చున్నారని అనుకోకూడదు. గడ్డివాము గారు పశువుల ప్రస్తావన తెచ్చారు కాబట్టి బెంజమిన్ జెస్టీ కథ చెప్పాలి.

ఇంగ్లండ్‌లో డార్సెట్ ప్రాంతంలో యెట్‌మిన్‌స్టర్ అనే ఊళ్ళో రైతు. 1774లో ఆ చుట్టుపక్కల మశూచి వచ్చింది. ఆవులకి వచ్చే గోమశూచి అంటినవాళ్ళకి అసలు మశూచి రాదని పాలు పితికేవాళ్ళ మధ్య ఒక నమ్మకం ఉండేది. ఆయనకి చిన్నప్పుడే గోమశూచి వచ్చిపోయింది. భార్యకీ, ఇద్దరు కొడుకులకీ రాలేదు. వాళ్ళని తీసుకుని గోమశూచి ఉన్న పొరుగు రైతు ఆవు దగ్గరికి వెళ్ళి, దాని పొదుగు మీది పుండ్ల రసి తీసి, మేజోళ్ళు అల్లే సూదితో వాళ్ళ చేతుల మీద గీరి ఎక్కించాడు. భార్య చెయ్యి బాగా వాచి భయపెట్టింది గానీ తేరుకుంది. ఊరంతా ఆయన్ని తిట్టిపోసింది. తర్వాత కొడుకులిద్దరూ మశూచి దగ్గరికి వెళ్ళాల్సి వచ్చినా వాళ్ళకి రాలేదు.

ఎడ్వర్డ్ జెన్నర్ మశూచి టీకా ప్రయోగం 1796 నాటిది. అంటే జెస్టీ ఇరవై రెండేళ్ళ ముందు. జెన్నర్ ఘనత తక్కువేం కాదు, పరీక్షించి, రాసి, లోకానికి ఇచ్చింది ఆయనే. కానీ తన పిల్లల్ని కాపాడుకోవాలని వైద్యం చదవని ఒక రైతు అంత సాహసం చేశాడంటే, ఆ ఇంట్లో ఎంత భయం, ఎంత ప్రేమ ఉండి ఉంటాయి. 1805లో లండన్ పిలిచి ఆయన్ని గౌరవించారు, చిత్రపటం గీయించారు.

కొత్తమొలక:
నేను ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. నాకు రెండేళ్ళ పాప ఉంది. డిఫ్తీరియాకి ఆ రోజుల్లో మందు లేదా డాక్టరుగారూ?

పిల్లలవార్డు:
ఎప్పటి సంగతి అన్నదాన్ని బట్టి ఉంటుందమ్మా. క్రిమిని 1883లో క్లెబ్స్ చూశాడు, 1884లో లోఫ్లర్ వేరుచేసి పెంచాడు. 1888లో రూ, యెర్సిన్ అనే ఇద్దరు, మనిషిని చంపేది దాని విషమని చూపించారు. 1890లో బెరింగ్, కిటాసాటో అనే ఇద్దరు ఆ విషానికి విరుగుడు నెత్తుటి ద్రవంలో తయారవుతుందని కనుక్కున్నారు. అప్పటి నుంచి గుర్రాలకి కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి నెత్తురు నుంచి సీరం తీసేవారు. 1894లో రూ పారిస్‌లో పిల్లల ఆసుపత్రిలో దాన్ని వాడితే అంతకుముందు సగం మంది పోయేచోట నాలుగో వంతుకి దిగింది. పొర ఊపిరికి అడ్డుపడితే గొంతు కింద కోసి దారి చేయడం అంతకు చాలా ముందే, 1825లో బ్రెటనో చేసి చూపించాడు.

కానీ సీరం పనిచేసేది విషం ఇంకా నెత్తుట్లో తిరుగుతున్నప్పుడే. గుండెకో నరానికో పట్టేశాక విడిపించలేదు. మొదటి రోజు ఇస్తే దాదాపు అందరూ బతుకుతారు. నాలుగో రోజు, ఐదో రోజు అయితే చాలామంది దక్కరు. ఇప్పుడు పొలంలో ఉన్న ఇంటిని తలుచుకోండి. మొదటి రోజు మామూలు గొంతునొప్పే అనుకుంటారు. రెండో రోజు మెడ వాస్తుంది. వైద్యుడి కోసం మనిషిని పంపాలి, ఆయన రావాలి, సీరం ఉండాలి. నగరంలో పిల్లకీ, పొలంలో పిల్లకీ మధ్య ఆ మూడు రోజులే తేడా. మందు కనిపెట్టాక కూడా దూరం చంపింది.

టీకాకి దారి తీసింది 1923లో రామోన్. విషాన్ని ఫార్మాలిన్ అనే రసాయనంతో, వేడితో నిర్వీర్యం చేసి టాక్సాయిడ్ చేశాడు. మీ పాపకి వేసే డీపీటీ టీకాలో మొదటి అక్షరం డిఫ్తీరియాదే. దాని రక్షణ ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గుతుంది, కాబట్టి చిన్నప్పటివి వేశాం కదా అని బూస్టర్లు మానొద్దు. జబ్బు ఇప్పటికీ పోలేదు, టీకాలు తగ్గిన చోట మళ్ళీ కనిపిస్తోంది.

వెన్నెలవాకిలి:
అందులో రెండో అక్షరం కోరింత దగ్గుది (పెర్టుసిస్) కదా. దాని వెనక ఉన్నవాళ్ళ గురించి చెప్పకుండా ఉండలేను. పెర్ల్ కెండ్రిక్, గ్రేస్ ఎల్డరింగ్. ఇద్దరికీ చిన్నతనంలో కోరింత దగ్గు వచ్చింది. 1930లలో అమెరికాలోని మిచిగాన్‌లో గ్రాండ్ రాపిడ్స్ అనే ఊళ్ళో, పగలు ప్రయోగశాల ఉద్యోగం అయ్యాక సాయంత్రాలు జబ్బుపడిన పిల్లల ఇళ్ళకి వెళ్ళేవారు. పిల్లల నోటి ముందు పళ్ళెం పెట్టి దగ్గించి, అందులో పడిన క్రిముల్ని పెంచేవారు. చాలా ఇళ్ళలో కిరోసిన్ దీపాలే. అప్పటి ఆర్థిక మాంద్యంలో ఆ తల్లిదండ్రులకి ఉద్యోగాల్లేవు, అయినా తలుపులు తీశారు. వాళ్ళు చేసిన టీకా పనిచేసింది. కోరింత దగ్గు ఆరు నెలల్లోపు బిడ్డల్నే ఎక్కువగా తీసుకెళ్తుంది, అందుకే ఈ పని నాకు అంత గొప్పగా అనిపిస్తుంది.

కొత్తమొలక:
మా ఇంట్లోనూ ఇలా పోయిన పిల్లలున్నారని విన్నాను. ఎవరూ రాసిపెట్టలేదు. మా పెద్దమ్మమ్మకి తొంభై దగ్గరపడింది. ఏమడగాలో చెప్తారా?

లెక్కలమాస్టారు:
తప్పకుండా అడగండి, ఆలస్యం చేయొద్దు. ఏ జబ్బు అని అడిగితే "ఏదో జ్వరం" అంటారు. దానికంటే ముందు పేర్లు అడగండి. ఎవరి తర్వాత ఎవరు పుట్టారో అడగండి. ఒకరు పోయాక ఇంకొకరు ఎన్నాళ్ళకి పోయారు, అప్పుడు పొలంలో ఏ పని నడుస్తోంది, వాన ఉందా ఎండా? దాన్నిబట్టి నెల తెలుస్తుంది. గొంతా, దద్దా, దగ్గా, విరేచనాలా? ఇంట్లో ఎవరికి రాలేదు? ఆ ప్రశ్న మరిచిపోవద్దు. అంతకుముందు ఇంటికి ఎవరైనా వచ్చారా? ఆవిడ అలసిపోతే ఆపేయండి, ఇంకో రోజు కూర్చోండి. ఏడిస్తే ఏడవనివ్వండి, మాట మార్చొద్దు.

పిల్లలవార్డు:
మాస్టారు చెప్పినట్టే చేయండి, ఫోన్‌లో రికార్డు కూడా చేసుకోండి. తర్వాత ఇక్కడ రాస్తే నాకు తెలిసినంతవరకు చూసి చెప్తాను. పాతకాగితాలు గారూ, మీ ముత్తాతగారి పుస్తకంలో పుట్టిన తేదీలు కూడా ఉంటే ఆ పేజీ ఫొటో పెట్టగలరా? పెద్దమ్మాయికీ తర్వాతి పిల్లకీ మధ్య ఐదేళ్ళ ఎడం ఉంది. ఆ మధ్యలో పుట్టి పోయినవాళ్ళెవరైనా ఉన్నారేమో చూడాలి.